ఖాళీ పళ్ళేల సాక్ష్యం

ఆ ఉదయం అత్తగారి పథకం చాలా చిన్నది. నాలుగో నెల కడుపుతో ఉన్న కోడలికీ, పదిహేనేళ్ల కూతురికీ చెరో రెండు గుడ్లు, ఇంత ఆకుకూర, గ్లాసుడు పాలు. ఆవిడ పాతికేళ్లు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరు తిన్నారని ఏనాడూ అడగలేదు, పళ్ళెం ఖాళీ అయిందా లేదా, అదే చూసేవారు. కూతురికి మూడు నెలల్లో పరుగుపందెం ఎంపిక ఉంది. రక్తం తక్కువున్న పిల్లను జట్టులోకి తీసుకోనని కోచ్ ముందే చెప్పేసింది.

పథకం బాగానే ఉంది. తినాల్సిన వాళ్లతోనే చిక్కొచ్చింది. పొద్దున్నే గుడ్డు వాసన తగిలితే కోడలికి కడుపులో తిప్పేస్తుంది. అత్తగారు వంటింట్లోకి వెళ్లగానే పళ్ళెం ఆడపడుచు వైపు జరిపింది. "నువ్వు పరిగెత్తేదానివి, తినెయ్. అత్తయ్యకి చెప్పకు."

లావైతే కాళ్లు సాగవని చిన్నదాని భయం. రెండు పళ్ళేలూ పట్టుకెళ్లి, ముందుగదిలో బూట్లు వేసుకుంటున్న అన్నయ్య ముందు పెట్టింది. "అమ్మ నీకోసం పెట్టింది." అమ్మ పెట్టిందంటే కాదనే ధైర్యం అతనికి పుట్టుకతోనే లేదు.

ఖాళీ పళ్ళేలు చూసి అత్తగారు పొంగిపోయి, మర్నాటి నుంచి ఇంకో గుడ్డు పెంచారు. వారం తిరక్కుండా వేరుశనగలు, ఖర్జూరాలు కూడా చేరాయి. నెల తిరిగేసరికి అన్నయ్య ప్యాంటు గుండీ ఊడి, ఆఫీసులో మేనేజరు టేబుల్ మీద పడింది. కొడుకు ఒంటికి నీరు పట్టిందని అత్తగారు బెంబేలెత్తారు. బయట తినొస్తున్నాడని కోడలు అలిగింది. అసలు సంగతి తెలిసిన చిన్నది మర్నాడూ పళ్ళేలు అన్నయ్య ముందే పెట్టింది. చివరికి అత్తగారు ముగ్గుర్నీ వెంటేసుకుని డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు.

డాక్టరమ్మ మూడు రిపోర్టులూ ముందేసుకుంది. కోడలు గ్రాము పెరగలేదు. చిన్నదానికి రక్తం బాగా తక్కువ. అన్నయ్య ఎనిమిది కిలోలు పెరిగాడు.

"ఇంతకీ మీ ఇంట్లో కడుపుతో ఉన్నదెవరండీ?" అని అడిగింది.

చిన్నదానికి ఏడుపొచ్చేసింది. "తప్పు నాదే అమ్మా. వదినదీ నాదీ అన్నయ్యకి పెట్టేశాను. లావైతే పరిగెత్తలేనని."

"తినకపోతే అసలు పరిగెత్తలేవు తల్లీ. నీది ఎదిగే ఒళ్లు, మీ వదినది ఇంకో ప్రాణాన్ని మోసే ఒళ్లు. ఇద్దరికీ వాయిదాలు కుదరవు," అంటూ డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు, అన్నయ్యకి పథ్యం రాసిచ్చింది.

పాతికేళ్లలో ఎన్ని పళ్ళేలు తనని ఇలా మోసం చేశాయోనని అత్తగారికి గుండె కలుక్కుమంది. మర్నాడు మొదటిసారిగా కోడల్ని అడిగారు.

"అమ్మాయ్, నీకు ఏ వేళకి తిండి సయిస్తుంది?"

"పదకొండింటికైతే ఏదైనా తింటాను అత్తయ్యా."

"అయితే పదకొండింటికే పెడతాను."

కూతురి పక్కన మాత్రం పొద్దున్నే తనూ పళ్ళెం పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ కలిసే తిన్నారు.

ఎంపిక రోజున కోచ్ కొత్త రిపోర్టు చూసి, చిన్నదాన్ని పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబెట్టింది. ఆ పిల్ల చివరి వంద మీటర్లలో ఇద్దర్ని దాటేసి మొదట వచ్చింది. ఏడో నెల పొట్టతో వదిన లేచి నిలబడి ఈల వేసింది. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, అడగని వాళ్లకి కూడా "మా అమ్మాయే" అని చెప్పుకొచ్చారు.

ఆ మైదానంలో ఆకలితో ఉన్నవాడు అన్నయ్య ఒక్కడే.