కుర్చీలో జెరేనియం

చలికాలంలో మగవాడికి సొంత ఇంట్లో కూర్చునే చోటు ఉండకూడదు! ఉంటే ఏమవుతుంది? కూర్చుంటాడు. కూర్చున్నవాడు టీ అడుగుతాడు. సంసారాలు పాడయ్యేది అక్కడే.

మా తబ్రీజ్‌లో ఆ ప్రమాదం లేదు. మంచు పడుతుందనగానే మా ఆవిడ సోల్మాజ్ వాకిట్లో పూలకుండీలన్నీ లోపలికి చేర్పిస్తుంది. మోసేదెవరో చెప్పక్కర్లేదు. నడుముకి ఇంతకన్నా మంచి జిమ్ ఉందా?

గన్నేరు హాల్లో, మల్లె పడగ్గదిలో. ఎండ తగిలే ఒకే ఒక్క కిటికీ దగ్గర నా కుర్చీ ఉంది కదా, అందులో జెరేనియం! గది వెచ్చగా ఉంటే దాని కాడలు బలం లేకుండా సాగిపోతాయట. అందుకని హీటర్ తగ్గించేసింది. నేను ఇంట్లోనే ఓవర్‌కోటు, టోపీ వేసుకుని తిరుగుతున్నాను. వచ్చినవాళ్ళు నేనెక్కడికో బయల్దేరాననుకుని త్వరగా లేచిపోతున్నారు. ఇది లాభం కాదా?

మా ఊళ్ళో ఎవరైనా ఒక వస్తువు బాగుందంటే, "మీదే, పట్టుకెళ్ళండి" అనాలి. వాళ్ళు "అయ్యో, వద్దు" అనాలి. అదీ మర్యాద. ఇన్నేళ్ళలో నా గడియారాన్నీ, తివాచీనీ, ఒకసారి మా బావమరిదినీ అలా ఇచ్చేశాను. ఎవరూ తీసుకోలేదు.

మొన్న పక్కింటి ఆయ్దిన్ వచ్చి, కిటికీ వైపు చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ!" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "మీదే! పట్టుకెళ్ళండి!"

"అయ్యో, వద్దండీ."

"తీసుకెళ్ళకపోతే నా మీద ఒట్టే!"

సోల్మాజ్ కళ్ళెర్రజేసింది. నేను అటు చూస్తేగా!

"మరీ ఒట్టు పెడితే ఎలా కాదంటాను?" అంటూ ఆయ్దిన్ జెరేనియం ఎత్తి, పదిలంగా నా చేతుల్లో పెట్టి, కుర్చీ భుజానికెత్తుకున్నాడు. "గట్టి కర్రండీ. ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి?"

మా ఆవిడ పరుగున వెళ్ళి తలుపు తీసింది. "మెట్లు జాగ్రత్త అన్నయ్యా!"

ఇప్పుడు జెరేనియం స్టూలెక్కింది. నేను దాని పక్కనే ఎండలో నిలబడుతున్నాను. ఒంటికి ఎంతో మంచిది! పొద్దున్నే సోల్మాజ్ వచ్చి మట్టిలో వేలుపెట్టి చూస్తుంది, పండుటాకు తుంచుతుంది, "రాత్రి చలేసిందా బంగారం?" అని అడుగుతుంది.

నిన్న నేను, "కొంచెం" అన్నాను.

ఇటు తిరిగి చూసింది. "మిమ్మల్ని కాదు" అంది.

కుర్చీ పోయిందని కాదండీ నా ఏడుపు.