చక్రాల ఇంటికి స్థిర చిరునామా

మామూలు ఇల్లు కొన్నవాడు ఊళ్లో ఉంటాడు. చక్రాల ఇల్లు కొన్నవాడు మోటారు ఆఫీసులో ఉంటాడు. ఇందులో ఏడవవలసింది ఏమీ లేదు. పైగా ఇంతకంటే అదృష్టం మనిషికి మరొకటి లేదని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను!

పక్క రాష్ట్రంలో బండి కొని మన రాష్ట్రంలో రిజిస్టరు చేయించుకోవడం నరకమని హోటళ్లలో చాయ్ తాగుతూ తిట్టేవాళ్లను నేనెరుగుదును. వాళ్లకు ఓపిక లేదు. ఓపిక లేనివాడికి స్వరాజ్యం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. నేను మోటారు ఆఫీసుకు ఎదురింట్లో కిరాయికి ఉంటున్నాను. అరుగు మీద కూర్చుని కళ్లారా చూసినదే రాస్తున్నాను. అది ఏ ఊరి ఆఫీసో చెప్పను. చదువుతుంటే మీ ఊరి ఆఫీసే అనిపించిందా? ఆ తప్పు నాది కాదు.

మన కథానాయకుడు గుర్వయ్య. మక్తల్ వైపు మనిషి, గొర్రెలు కాచుకుని బతికేవాడు. ఏటా మెట్ట పొలాల్లో గడ్డి ఎండగానే మందను తోలుకుని, దేవరకొండ మీదుగా కృష్ణ ఒడ్డున మేళ్లచెరువు దాకా నడుస్తాడు. తొలకరి పడగానే మళ్లీ వెనక్కి. అతని తల్లి సోమమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాగే నడిచింది. కిందటేడు ఆమె మోకాళ్లు ఇక మా వల్ల కాదన్నాయి. కూతురింట్లో దింపి వెళితే, తిరిగి వచ్చేసరికి ముసలమ్మ సగం మనిషయింది. ఎందుకమ్మా అంటే, "మంద సప్పుడు లేకుంటె నాకు నిద్ర పట్టది బిడ్డా" అన్నదట. ఈసారి కూడా వదిలి వెళితే వచ్చేసరికి ఉండదని గుర్వయ్యకు అర్థమైంది.

అందుకని ఏం చేశాడు? పొట్టేళ్లు కొన్ని అమ్మి, రాయచూరులో ఒక మూల పడి ఉన్న పాత బస్సు కొన్నాడు! సీట్లు పీకించి నులక మంచం వేశాడు. కిటికీలకు గొంగళ్లు కట్టాడు. ఇనుప పొయ్యి ఒక పక్క, ఈనిన గొర్రెల పిల్లలకు తడక ఒక పక్క. పైన సామాను పెట్టే చోట కోళ్ల గంప. గుర్వయ్య భార్య సుక్కమ్మ తమ్ముడు పర్వతాలు బస్సు నడపడం వచ్చినవాడు. గొర్రెలు ముందు నడుస్తుంటే, వాటి వెనక సోమమ్మ మంచం మీద కూర్చుని ప్రయాణం చేస్తుంది. ఇలాంటి ఇల్లు విలాయతులో దొరలకు ఉంటుందని విన్నాను. మనవాడు వినకుండానే తయారు చేసుకున్నాడు.

అయితే ఒక చిన్న ఇబ్బంది. రాయచూరు మొన్నమొన్నటిదాకా మనదే. హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి పంచినప్పుడు మైసూరు వాటాకు పోయింది. బస్సు కదల్లేదు, గుర్వయ్య కదల్లేదు, సరిహద్దే కదిలింది! అయినా రిజిస్టరు చేయించుకోవలసింది సరిహద్దు కాదు, గుర్వయ్య. కృష్ణ వంతెన దాటి నాలుగు రోజులు వచ్చాక దారిలో తనిఖీవారు ఆపారు. పక్క రాష్ట్రపు బండి, ఇక్కడ రిజిస్టరు అయ్యేదాకా కదలరాదు అన్నారు. బస్సు ఆఫీసు ఆవరణలోకి వచ్చింది. దాని వెంట నూట ఇరవై గొర్రెలు, నాలుగు మేకలు కూడా వచ్చాయి. పాఠకులారా, ఇక్కడి నుంచి ఆ కుటుంబానికి మంచి రోజులు మొదలయ్యాయి!

మొదటి లాభం విద్య. గుర్వయ్య బడి ముఖం చూడలేదు. ఆ ఆఫీసులో అడుగుపెట్టిన వారానికి నాలుగు భాషలతో పరిచయమైంది. ఫారం ఇంగ్లీషులో ఉంది. బస్సు పాత కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. రాయచూరు నుంచి రావలసిన అభ్యంతరం లేదన్న పత్రం కన్నడంలో ఉంటుందట. పో, రేపు రా అనడం మాత్రం తెలుగులో ఉంది. ఏ కాలేజీలో చెబుతారండీ ఇంత చదువు?

ఆ ఫారం నింపిన నాడు నేను అక్కడే ఉన్నాను. పెద్ద గుమాస్తా కళ్లజోడు సవరించుకుని అడిగాడు.

"బస్సుల సీట్లెన్ని?"

"సీట్లు లెవ్వు సారు. మంచముంది."

"మంచం రాసే జాగా ఫారంల లేదు. దాని మీద ఎంతమంది కూసుంటరు?"

గుర్వయ్య ఆలోచిస్తున్నాడు. అబద్ధమాడడం తెలియని సుక్కమ్మ వెనక నుంచి, "సుట్టాలొస్తె ఆరుగురు కూసుంటరు" అంది.

గుమాస్తా ఆరు సీట్లని రాశాడు. ఆరు సీట్లుంటే అది ప్రయాణికుల బండి. ప్రయాణికుల బండికి పర్మిట్ కావాలి. పర్మిట్ కావాలంటే దారి చెప్పాలి.

"యాడికెళ్లి యాడిదాక నడుపుతవ్?"

"గడ్డి ఉన్నకాడిదాక సారు."

"అది ఏ తాలూకాల ఉంది?"

"ఏటేటా మారుతది సారు."

గుమాస్తా కలం కింద పెట్టి చాయ్ తెప్పించుకున్నాడు. ఆయన కష్టం ఎవరికి తెలుస్తుంది! ఇక బస్సులో ఉన్న గొర్రెపిల్లలు సరుకా, ప్రయాణికులా అన్న ప్రశ్న హైదరాబాదు వెళ్లింది. ఇంతవరకు తిరిగి రాలేదు. అక్కడ పెద్దలు తలలు పట్టుకుని కూర్చుని ఉంటారని నా నమ్మకం.

చివరి గడి స్థిర నివాసం. ఊళ్లో గుడిసె వానలకు కూలిందనీ, ఉన్నది ఈ బస్సేననీ గుర్వయ్య చెప్పాడు. ఇల్లు చూపిస్తేనే బస్సు రిజిస్టరవుతుంది. బస్సు రిజిస్టరైతేనే అది ఇల్లవుతుంది. వేదాంతులు కొండలెక్కి తపస్సు చేసి ఇలాంటి విషయాల గురించే ఆలోచిస్తారట. గుర్వయ్యకు ఆఫీసు మెట్ల మీదే దొరికింది!

రెండో లాభం ఆరోగ్యం. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, అక్కడి నుంచి స్టాంపులమ్మే చోటికి, మళ్లీ మొదటి బల్లకు. మేళ్లచెరువుకు నడిచినా ఆ కాళ్లకు అంత వ్యాయామం ఉండేది కాదు.

మూడో లాభం చెప్పాలంటే ఆఫీసరు గారిని పరిచయం చేయాలి. చాలా మంచివారు. ఆఫీసు వెనకే ఆయన ఇల్లు, ఇంటికీ ఆఫీసుకూ మధ్య అరెకరం ఖాళీ జాగా. మొరం నేల. ఆయన దానిలో రెండేళ్లుగా కూరగాయలు వేస్తుంటే రెండేళ్లుగా పల్లేరు మొలుస్తున్నది. గుర్వయ్య మంద ఆ జాగాలోనే పడుకునేది. పొలంలో మంద పడుకుంటే ఏమవుతుందో తెలంగాణా పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. పట్నంవాళ్ల కోసం చెబుతున్నాను. మంద నిలిచిన చెల్కకు, అంటే మెట్ట చేనుకు, ఆ ఏడు ఇంకే ఎరువూ అక్కరలేదు. అందుకే రైతులు గొర్లకాపరుల వెంటబడి, గింజలిచ్చి మరీ, మా చెల్కలో మంద పెట్టమని బతిమాలుతారు.

ఇరవై రోజులు తిరిగేసరికి ఆ జాగా ఒక మూల తోటకూర లేచింది. ఎంత తోటకూర! ఆఫీసరు గారి ఇల్లాలు నిర్మలమ్మ గారు మా ఇంటికి కూడా రెండు కట్టలు పంపారు. ఆఫీసరు గారి ముఖం వెలిగిపోయింది. బల్ల మీద ఉన్న ఫైలును ఏనాడూ తన చేత్తో కదపని మనిషి, సాయంత్రం కాగానే ధోవతి ఎగగట్టి గొర్రెల తడకలు స్వయంగా జరిపేవారు! ఇవ్వాళ ఇటు పెట్టు గుర్వయ్యా, రేపు గోడ వైపు పెట్టు అని చెప్పేవారు. ఒక ఆఫీసరు ఒక కాపరితో భుజం కలిపి తడక మోయడం మీరెక్కడైనా చూశారా? సమసమాజం అంటే మరేమిటి?

యాదృచ్ఛికంగా జరిగిన ఒక విషయం కూడా చెప్పాలి. తోటకూర మడి నిండిన మర్నాడు రాయచూరు పత్రం లేదన్న సంగతి ఆఫీసరు గారికి తోచింది. ఆ పత్రం వచ్చేసరికి మెంతికూర మడి నిండింది. అప్పుడు ఇంజను నంబరు సరిగా కనబడటం లేదని తోచింది. నంబరు రుద్ది చూపించేలోగా వంకాయ మడికి సరిపడా మంద పడింది. అప్పుడు, "ఇంకొక్క చిన్న కాగితం తక్కువైందోయ్, రెండు రోజులాగు" అన్నారు. పాపం, ఆయనకు ఒక్కసారే అన్నీ ఎలా గుర్తొస్తాయి?

పుష్యం పోయింది. మాఘం పోయింది. ఫాల్గుణం పోయింది. ఊరి చుట్టూ ఉన్న గడ్డి అయిపోయింది. మేకలు ఆఫీసు గోడకు అంటించిన నోటీసులు తినడం మొదలుపెట్టాయి. రిజిస్ట్రేషను నియమాలున్న పెద్ద నోటీసును నాలుగూ కలిసి ఒక్క పూటలో ముగించాయి. నియమాలను అంత క్షుణ్ణంగా జీర్ణించుకున్నవారు ఆ ఆఫీసులో అంతకు ముందు లేరు!

కానీ గొర్రెలకు నోటీసులు పడలేదు. తల్లులకు పాలు తగ్గాయి. పాలు చాలని గొర్రెపిల్లలను సుక్కమ్మ ఒళ్లో పెట్టుకుని గంజి తాగించేది. అయినా తొమ్మిది పిల్లలు పోయాయి. ఇక్కడ కూడా ఏదో లాభం చెబుదామని రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచలేదు.

ఒకరోజు పొద్దున గుర్వయ్య నా అరుగు మీద కూలబడ్డాడు. "మేమేం తప్పు జేసినం సారూ? ఏ కాగితం తెమ్మంటె గది తెస్తిమి" అన్నాడు. నేను ప్రభుత్వ విధానాల గురించి ఏదో చెప్పబోయాను. ఇంతలో ఎదురుగా గేటు దగ్గరున్న బస్సు కిటికీలో గొంగడి పక్కకు తొలగి సోమమ్మ తల బయటకు వచ్చింది.

"ఒరే గుర్వా, కాగితం ముచ్చట కాదురా అది. నేను అరవై ఏండ్లు చెల్కల్ల మంద పెట్టిన. చెల్క నిండేదాక ఏ కాపోడు మందను లేపనియ్యడు. ఇంకొక్క రాత్రుండు, ఇంకొక్క రాత్రుండు అని బతిమాల్తనె ఉంటడు. గీ సారు ఆఫీసర్గిరి చేస్తలేడు, ఎవుసం చేస్తుండు."

గుర్వయ్య నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. ఆఫీసరు గారు చేస్తున్నది వ్యవసాయమన్నది ఇంగ్లీషు, ఉర్దూ చదువుకున్న నాకు మూడు నెలలుగా తోచని సంగతి కదా!

"మరేం జేద్దమమ్మా?"

"చెల్క ఇంక జర మిగిలుండంగనె మందను లేపాలె. మీరు గొర్లను తోలుకొని పోండ్రి. నన్నూ బస్సునూ ఈడ్నె ఇడువుండ్రి."

"నిన్నిడిసి నేను పోతనా?"

"నాతోని నువ్వుంటె గొర్లు సస్తయ్. గొర్లు సచ్చినంక నేను బతికి ఏం జేస్త? పో బిడ్డా."

దేనికోసమైతే బస్సు కొన్నాడో దాన్నే వదులుకోవలసి వచ్చింది. మర్నాడు తెల్లవారేసరికి గుర్వయ్య, సుక్కమ్మ మందను తోలుకుని దేవరకొండ దారి పట్టారు. ముసలమ్మకు తోడుగా పర్వతాలు ఉండిపోయాడు. గొర్రెల చప్పుడు దూరమవుతున్నంతసేపూ సోమమ్మ కిటికీలోంచి అటే చూసింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక గొంగడి దించేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఆ పూట నిర్మలమ్మ గారు పంపిన మెంతికూర వండుతుంటే వద్దన్నాను.

తొమ్మిదింటికి ఆఫీసరు గారు చేతిలో పారతో బయటకు వచ్చారు. గోడ పక్కన సొరపాదులకని ఉంచిన జాగా ఖాళీగా ఉంది. గొర్రెలు లేవు. తడకలు లేవు. సోమమ్మ పొయ్యి రాజేసింది, పొగ తిన్నగా ఆయన గది కిటికీలోకి పోతున్నది.

"గొర్రెలేవి?"

"పోయినయ్ సారు. గడ్డి లేకపాయె" అంది సోమమ్మ.

ఆయన కాసేపు ఆ నేలను చూశారు. తరువాత మూడు నెలల్లో మొదటిసారిగా బస్సును చూశారు. తుప్పు పట్టిన రేకు, పైన కోళ్లు, ముందు ఆరేసిన చీర, గేటుకు అడ్డం.

"ఈ డొక్కు బస్సు ప్రభుత్వ ఆవరణలో ఎందుకుంది? గుమాస్తా గారూ! ఇన్నాళ్లుగా దీని ఫైలు ఏం చేస్తున్నారు మీరు?"

ఇక చూడండి ఆ ఆఫీసు వేగం! మంచానికి సీట్లు లేవని తేలింది. గొర్రెపిల్లల ప్రశ్నకు హైదరాబాదు జవాబు అక్కర్లేదని తేలింది. ఇంజను నంబరు మూడు గజాల దూరం నుంచే స్పష్టంగా కనబడింది. స్థిర నివాసం దగ్గర గుమాస్తా ఆగి నసిగాడు. "ఏదో ఒకటి రాయవయ్యా!" అని ఆఫీసరు గారు కేక వేశారు. మూడు నెలలుగా వాళ్లుంటున్నది ఇక్కడే కదా అని గుమాస్తా మోటారు ఆఫీసు ఆవరణ అనే రాసేశాడు. పదకొండింటికల్లా పత్రం సోమమ్మ చేతిలో పడింది. పర్వతాలు ఇనుప కడ్డీ తిప్పి ఇంజను లేపాడు. గొర్రెలు ఒక పూటలో ఎంత దూరం పోతాయి? మధ్యాహ్నానికి అందుకుని ఉంటారు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సాయంత్రం ఆఫీసరు గారు దిగులుగా మా అరుగు దాకా వచ్చారు. సందు చూసి నేను నా మోటారు సైకిలు సంగతి ఎత్తాను. గుల్బర్గాలో చవకగా వచ్చిందని కొన్నాను. అదీ ఇప్పుడు పక్క రాష్ట్రమే. దరఖాస్తు పెట్టి పందొమ్మిది నెలలైంది. బండి మా ఇంటి వెనక గోనె కప్పుకుని ఉంది, నేను నడుస్తున్నాను. ఆయన నా ఇల్లు, వాకిలి, పెరడు ఒకసారి కలయజూశారు. నా దగ్గర గొర్రెలు లేవు, మేకలు లేవు, ఆఖరికి కోడి కూడా లేదు. "మీరు పత్రికలకు రాస్తుంటారట కదా?" అని మాత్రం అడిగారు.

అయ్యా ఆఫీసరు గారూ, రాస్తాను. మీ ఆఫీసు వల్ల కలిగే లాభాలన్నీ పైన రాసేశాను. నా దగ్గర చల్లడానికి ఉన్న ఎరువు ఇదొక్కటే. చాలకపోతే ఇంకెటువైపు చల్లమంటారో సెలవియ్యండి.