ధర్మారావు గారి సైలెన్సర్ ట్రస్టు

తుపాకీ కొనుక్కోవడం పౌరుడి హక్కు. దాని చప్పుడు తగ్గించుకోవడం మాత్రం ప్రభుత్వ కార్యక్రమం. అమెరికా పాలనా వ్యవస్థను ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం నా వల్ల కాదు.

రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ధర్మారావు గారికి పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ ఉత్సాహంలో రైఫిల్ కొన్నారు. షూటింగ్ రేంజ్‌కి వెళ్లొచ్చిన ప్రతి శనివారం సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమని మోత. దానికి మందు తుపాకీ గొట్టం చివర బిగించే సైలెన్సర్. పైగా కారు, కాస్ట్‌కో కార్డు, టీవీ రిమోట్ అన్నీ ఉమ్మడి ఆస్తులైన ఆ ఇంట్లో తనదంటూ ఒక్క వస్తువు ఉండాలని ఆయన కోరిక. (యాభైకి దగ్గరపడ్డ మగవాడికి ఇదేమీ దురాశ కాదు.)

నిబంధన ఏమిటంటే, సైలెన్సర్ సొంత పేరు మీద కొంటే ఇంకెవరి చేతికీ అప్పగించకూడదు. భార్య చంద్రిక బీరువా సర్దుతూ తీసినా చిక్కే. ట్రస్టు పెట్టి దాని పేరు మీద కొంటే ట్రస్టీలందరూ నిక్షేపంగా పట్టుకోవచ్చు. ధర్మారావు గారు వకీలు అక్కర్లేదని, ఒక వెబ్‌సైట్ తెరిచి ఫారం తానే నింపడానికి కూర్చున్నారు.

ట్రస్టీల జాబితాలో మొదట చంద్రిక పేరు రాశారు.

"మా అమ్మ పేరు లేకపోతే బావుంటుందా అండీ? మనింట్లోనే కదా ఉంటోంది!" అంది చంద్రిక.

అత్తగారు సుబ్బులు గారి పేరు చేరింది. (వయసు డెబ్బై రెండు, గ్రీన్‌కార్డు ఉంది. రైఫిల్‌ని అప్పటిదాకా కర్టెన్ రాడ్డు అనుకుంటున్నారు.) మర్నాడు ఎడిసన్ నుంచి బావమరిది నిశాంత్ ఫోన్ చేశాడు.

"ఫ్యామిలీ ట్రస్ట్ అని పేరు పెట్టి నన్ను యాడ్ చేయలేదా బావా? పర్లేదులే."

ఆ 'పర్లేదులే' ఎన్నేళ్లు వెంటాడుతుందో తెలిసిన ధర్మారావు గారు అతన్నీ చేర్చారు. హెచ్-1బి మీదున్న స్నేహితుడు జితేందర్‌ని మాత్రం వదిలేశారు. (ఇప్పటికే గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాణ్ణి ఇంకో క్యూలో నిలబెట్టడం అన్యాయం.)

చివర్లో వెబ్‌సైట్ అడిగింది: మిమ్మల్ని మీరు ట్రస్టీగా చేర్చుకుంటారా?

పెళ్లి శుభలేఖలా పెద్దలందరి పేర్లూ వేసి, కింద మన పేరు మనమే రాసుకుంటే ఏం మర్యాద? ధర్మారావు గారు సిగ్గుపడి 'నో' నొక్కారు.

ట్రస్టీలందరూ ఫోటోలు, వేలిముద్రలు ఇచ్చారు. ఏళ్ల తరబడి అంట్లు తోమిన సుబ్బులు గారి వేళ్ల మీద గీతలు అరిగిపోవడంతో, ముద్రలు మూడోసారికి గానీ పడలేదు. ఎట్టకేలకు ప్రభుత్వ అనుమతి వచ్చింది. ధర్మారావు గారు తలదువ్వుకుని, అత్తగారిని కార్లో కూర్చోబెట్టుకుని తుపాకుల కొట్టుకి వెళ్లారు.

కొట్టువాడు కాగితాలు చూసి, "సారీ సర్, మీరు ట్రస్టీ కాదు. మీ చేతికివ్వను," అన్నాడు.

"ఈ ట్రస్టు పెట్టిందే నేను!"

"కంగ్రాచులేషన్స్. ట్రస్టీలెవరైనా వచ్చారా?"

సుబ్బులు గారు వచ్చి, సంతకం పెట్టి, సైలెన్సర్‌ని కొంగుతో తుడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. దారిపొడుగునా ధర్మారావు గారు ఆ బ్యాగువైపే చూస్తూ డ్రైవ్ చేశారు. పాపం అనిపించింది నాకు.

ఇక ఆయన్ని చేర్చాలంటే ట్రస్టీలందరూ ఒప్పుకోవాలి. ఆదివారం జూమ్‌లో సమావేశం జరిగింది.

"డోంట్ మైండ్ బావా, ఇంకో ఆర్నెల్లు చూద్దాం. ప్రాసెస్ ఈజ్ ప్రాసెస్," అన్నాడు నిశాంత్.

"మళ్లీ ఆ వేలిముద్రల గోల మీకెందుకు అల్లుడుగారూ? కావాల్సినప్పుడు చెప్పండి, నేనే వచ్చి బిగిస్తాను," అన్నారు సుబ్బులు గారు.

చంద్రిక మినిట్స్ రాసింది: ధర్మారావు గారి అభ్యర్థన పరిశీలనలో ఉంది. అంతవరకు ఆయన చెవుల్లో దూది పెట్టుకోవచ్చునని ట్రస్టు ఏకగ్రీవంగా తీర్మానించింది.