గిటారు కోసం పోయిన మాస్టారు

ఆ శనివారం రేపల్లెలో సుందరయ్య మాస్టారింట్లో అనుకున్న ప్రకారం జరగవలసినవి మూడే. పదింటికి షామియానా రావాలి. అయిదింటికి బాపట్ల నుంచి పెళ్ళికొడుకు అజయ్ బాబు తాలూకు వాళ్ళు వస్తే, పాస్టరు గారు ప్రార్థన చేసి, ఉంగరాలు మార్పించి, మాస్టారి కూతురు లిడియా ప్రధానం అయిందనిపించాలి. ఆరున్నరకి తెనాలి డీజే మోగాలి. ఈ మూడోది జరగకూడదని గట్టిగా కోరుకున్నవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అతను పెళ్ళికూతురి అన్న శ్యామ్.

శ్యామ్ బాపట్లలో ఇంజనీరింగు చదివే రోజుల్లో నలుగురు కలిసి రాక్ బ్యాండు పెట్టారు. చదువయ్యాక ఇద్దరు ఉద్యోగాలకి హైదరాబాదు వెళ్ళిపోయారు. మిగిలింది గిటారుతో శ్యామ్, డ్రమ్స్‌తో శశిధర్. సొంతంగా కట్టుకున్న పాటలు ఏడున్నాయి. ఆ ఏడింటినీ ఇంట్లో వాళ్ళు మూసిన తలుపు ఇవతల నుంచి వినడమే తప్ప ఎదురుగా కూర్చుని విన్నది లేదు. తలుపు తట్టినా "కాస్త తగ్గించు" అనడానికే. వచ్చే నెలలో శశిధర్ కూడా చెన్నై వెళ్ళిపోతున్నాడు. అంటే బ్యాండుకి ఇదే ఆఖరి అవకాశం. అయినవాళ్ళందరి ముందూ ఒక్కసారి వాయించాలి, వాళ్ళు మాట్లాడకుండా కూర్చుని వినాలి. శ్యామ్ కోరిక చిన్నదే. కాకపోతే ఆరేళ్ళది.

వారం రోజులుగా అన్నాచెల్లెళ్ళకి ఇదే వాదం.

"డీజే అంటే మీట నొక్కడమేగా! పిండిమర కూడా మీట నొక్కితే అంత చప్పుడూ చేస్తుంది," అనేవాడు శ్యామ్. "గిటారు అలా కాదు. నా వేళ్ళు చూడు, ఎలా కాయలు కాశాయో!"

"కాస్త కొబ్బరినూనె రాసుకో అన్నయ్యా. అయినా నీ పాట వింటే ఒక్కళ్ళయినా కుర్చీలోంచి లేస్తారా?"

"లేవకూడదు. వినాలి."

"వినడానికి పాస్టరు గారి ప్రసంగం ఉందిగా!"

లెక్కల మాస్టారుగా రిటైరైన సుందరయ్య ఈ గొడవలో తలదూర్చలేదు. "రెండూ కరెంటు తినేవే," అని పేపరు తిరగేసేవారు.

శనివారం పొద్దున ఏడింటికి శ్యామ్ డాబా ఎక్కాడు. అతని పథకం సులువైనదే. డీజే వాళ్ళని రావద్దని చెప్పేస్తాడు. ఆరున్నరకి వాళ్ళు రాకపోతే అందరూ కంగారు పడతారు. అప్పుడు తనూ శశిధరూ లేచి పరువు నిలబెడతారు. తెనాలి డీజే వినోద్ కుమార్‌కి ఫోన్ కలిపాడు.

"అన్నా, సుందరయ్య మాస్టారి అబ్బాయిని. ఇవాళ ప్రోగ్రాం లేదు, మీరు రావద్దు."

"అదేంటి తమ్ముడూ! నిన్ననేగా చెల్లెమ్మ పాటల లిస్టు పంపింది. ఏమైంది?"

పథకంలో ఈ ప్రశ్న లేదు. పైగా శ్యామ్ సండే స్కూల్లో పెరిగినవాడు, అబద్ధం అంత తొందరగా నోటికి రాదు. "ఇంట్లో..." అని ఆగిపోయాడు.

"ఇంట్లో ఏంటి? మాస్టారు బాగానే ఉన్నారా?"

శ్యామ్ మాట్లాడలేదు. మాట్లాడకపోతే అబద్ధమాడినట్టు కాదని అతని లెక్క. అవతల వినోద్ కుమార్ గొంతు పూర్తిగా మారిపోయింది.

"సరే తమ్ముడూ. నువ్వేం చెప్పకు. అంతా నేను చూసుకుంటా."

ఎంత మంచి మనిషి అనుకుంటూ శ్యామ్ కిందికి దిగి ఆరు ఇడ్లీలు తిన్నాడు.

అతనికి తెలియని సంగతులు రెండున్నాయి. వినోద్ కుమార్‌ది తెనాలి దగ్గర జంపని, అక్కడి బళ్ళో సుందరయ్య గారి దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. అతనికున్నది డీజే ఒక్కటే కాదు, షామియానాలు, కుర్చీలు, జనరేటరు అన్నీ అతనివే. ఇవాళ్టి షామియానా కూడా అక్కడి నుంచే రావాలి. శుభానికైనా అశుభానికైనా అదే కొట్టు, అవే కుర్చీలు. మారేది గుడ్డ రంగొక్కటే.

పదింటికి ట్రాలీ ఆటో వచ్చింది. గులాబీ రంగు షామియానాకి బదులు తెల్లది దిగింది. దాని వెనకాల అద్దం మూతతో ఒక పొడుగాటి ఫ్రీజర్ బాక్సు దిగింది.

"ఐస్‌క్రీములకా బాబూ?" అని సంబరపడింది శ్యామ్ తల్లి దేవకుమారి. "ఇంత పొడుగుదెందుకు? చిన్నది సరిపోయేదిగా."

దింపుతున్నవాళ్ళు తలొంచుకున్నారు. వాళ్ళ వెనకాల గజమాలతో వినోద్ కుమార్ వచ్చాడు. అప్పుడే గడ్డానికి సబ్బు నురగతో, భుజాన తువ్వాలుతో సుందరయ్య గారు బయటికొచ్చి "ఎవరు బాబూ?" అన్నారు. వినోద్ కుమార్ దండతో సహా కుర్చీలో కూలబడ్డాడు.

"మాస్టారూ... మీరు..."

"నాకేమైంది?"

వినోద్ శ్యామ్ వైపు చూశాడు. "తమ్ముడూ, పొద్దున ఫోన్‌లో..."

"నేనేం అనలేదండి," అన్నాడు శ్యామ్. అది అక్షరాలా నిజం.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని ఏడున్నరకే వినోద్ కుమార్ జంపని పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మాస్టారి ఫోటో పెట్టి, దాని చుట్టూ పూలు కూడా పెట్టాడు. ఇప్పుడు "మాస్టారు క్షేమం" అని పెట్టాడు గాని, అప్పటికే నూట ఎనభై మంది నమస్కారాలు పెట్టి ఉన్నారు. వాటి అడుగున ఈ క్షేమవార్త ఎవరి కంటా పడలేదు. మధ్యాహ్నానికి తెల్ల చొక్కాలవాళ్ళు దండలతో గుంపులు గుంపులుగా దిగారు. వచ్చినవాళ్ళందరికీ సుందరయ్య గారే గేటు దగ్గర నిలబడి "నేను బాగానే ఉన్నాను, భోంచేసి వెళ్ళండి" అని చెప్పుకోవలసి వచ్చింది. ఆ భోజనమూ తారుమారైంది. గ్రూపులో సంగతి చూసిన వంటాయన బిర్యానీ మానేసి పప్పూ సాంబారూ దింపాడు.

ఆ పూల ఫోటో చేతులు మారి బాపట్లకీ చేరింది. మూడింటికి అక్కడి నుంచి ఫోనొచ్చింది. లిడియా స్పీకర్ నొక్కింది. మాట్లాడింది పెళ్ళికొడుకు తల్లి.

"తెలిసిందమ్మా, బాధగా ఉంది. ఇలాంటప్పుడు ప్రధానం బాగుండదు. వచ్చే ఏడాది చూద్దాం."

"లేదత్తయ్యా, నాన్న బాగున్నారు!"

"దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా," అందావిడ.

లిడియా ముఖం పాలిపోయింది. రెండేళ్ళు ఇరువైపులా నచ్చజెప్పి, ఇవాళ్టి దాకా తెచ్చుకున్న సంబంధం అది. ఆ ముఖం చూశాక శ్యామ్‌కి తన లెక్క తప్పని అర్థమైంది. చెల్లెలి చేతిలోంచి ఫోను తీసుకుని బావని పిలవమన్నాడు. అక్కడున్న వంద మందీ వింటూనే ఉన్నారు.

"బావా, నాన్న పోలేదు. డీజేని నేనే రావద్దన్నాను. ఎందుకని అడిగితే మాట్లాడకుండా ఊరుకున్నాను. వాళ్ళు ఇంకేదో అనుకున్నారు."

"డీజే ఎందుకు వద్దు బావా?"

"నేను గిటారు వాయిద్దామని."

"ఇంతకీ మామయ్య గారు ఎలా ఉన్నారు?" అన్నాడు అజయ్ బాబు.

"బాగానే ఉన్నారు. నన్నే చూస్తున్నారు."

అయిదింటికి రావలసినవాళ్ళు ఆరింటికి వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి ముందుగా సుందరయ్య గారి చెయ్యి పట్టి చూసుకుని, ఆ తర్వాతే కూర్చుంది. తెచ్చిన దండలు పారెయ్యడమెందుకని వేదికకి కట్టారు. ప్రార్థన అయింది, ఉంగరాలు మారాయి. డీజే బాక్సులు కూడా తెనాలి నుంచి వచ్చేశాయి గాని, వినోద్ కుమార్ మీట నొక్కలేదు. "ముందు తమ్ముడు వాయించాలి. దీనికోసం ఇంత చేశాడుగా," అన్నాడు. లిడియా కూడా తలూపింది. అన్నకి అంతకంటే పెద్ద శిక్ష ఆమెకి తోచలేదు.

శ్యామ్, శశిధర్ మొదలుపెట్టారు. తెల్ల షామియానా కింద తెల్ల చొక్కాలవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దగ్గినవాడు కూడా లేడు. నాలుగో పాటకి వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. పాట అవగానే, అప్పుడే బస్సు దిగి వచ్చిన ఒకాయన వేదికెక్కి శ్యామ్ భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండు బాబూ. మాస్టారు ఎక్కడున్నా వింటూనే ఉంటారు," అన్నాడు. మాస్టారు ముందు వరసలో మజ్జిగ తాగుతూ వింటున్నారు.

విన్నారు, నిజంగానే విన్నారు. ఆరేళ్ళు కోరుకున్న నిశ్శబ్దం ఇదే. కాని ఇంతమందిలో ఒకళ్ళయినా పక్కవాళ్ళ ముఖం చూడలేదు. కొత్త పెళ్ళికూతురు కూడా నేల చూపులే చూస్తోంది. శ్యామ్ గిటారు పక్కన పెట్టి దిగిపోయాడు.

"నీ పాట బాగుంది తమ్ముడూ, నాలుగోది మరీ," అన్నాడు వినోద్ కుమార్. "కాని నువ్వు కళ్ళు మూసుకుని వాయిస్తున్నావు. నేను కళ్ళు మూస్తే నా పని అయిపోయినట్టే."

"మీరేం చూస్తారు?"

"కాళ్ళు. ముందు కుర్రాళ్ళవి కాదు, పెద్దవాళ్ళవి. అదిగో, అమ్మగారి చెప్పు చూడు."

మీట నొక్కాడు. దేవకుమారి చెప్పు కుర్చీ కింద ఒకసారి ఆడి ఆగింది. వినోద్ శబ్దం తగ్గించాడు, దరువు ఒక్కటే ఉంచాడు, ఆగాడు. చెప్పు మళ్ళీ ఆడింది. ఇంకాస్త ఆగి అప్పుడు పాట మొత్తం వదిలాడు. దేవకుమారి ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. లేచి వియ్యపురాలి చెయ్యి పట్టుకుని లాగింది. ఇది మీట నొక్కడం కాదని శ్యామ్‌కి తెలిసిపోయింది. సిగ్గేసింది, సంతోషంగానూ ఉంది.

"ఇవే బాక్సులు చావింట్లోనూ పెడతాను," అన్నాడు వినోద్, కళ్ళు జనం మీదే ఉంచి. "అక్కడ ఎవరి ఏడుపు వాళ్ళది. నీ పాట అలాంటి చోటికి తమ్ముడూ. తక్కువని కాదు, మనిషి ఒంటరిగా ఉండేటప్పుడు అదే కావాలి."

ఈలోగా సుందరయ్య గారు కూడా లేచారు. లెక్కల మాస్టారు రెండు చేతులూ ఎత్తి ఆడుతుంటే, మధ్యాహ్నం దండలు తెచ్చినవాళ్ళు చుట్టూ చేరి ఈలలు వేశారు. కొందరికి అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి ఆయన చెమట తుడుచుకుంటూ కొడుకు పక్కన కూలబడ్డారు.

"కోపంగా ఉందా నాన్నా?"

"లేదురా. నీ నాలుగో పాట నాకూ నచ్చింది."

"వినోద్ అన్న కూడా అదే అన్నాడు. నా పాటలు పోయినవాళ్ళ దగ్గర వాయించడానికి బాగుంటాయట."

సుందరయ్య గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "నా వరకు డీజేనే పెట్టించు. గిటారు పెట్టావంటే పెట్టెలోంచి లేచి వెళ్ళిపోతాను."