అల్లుడు మోసిన దిమ్మెలు

ఆ ఆదివారం పొద్దున్న గడియారాలు బాగుచేసే ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గేటు పక్కన గోడకి ఆనించి ఒక బల్ల కట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు సాయంత్రం పూట దాని మీద కూర్చుని వీధి చూడాలి. చూస్తూ చూస్తూ, పోన్లే, అల్లుడు కూడా ఒక పనికొచ్చాడని అనుకోవాలి. అసలు ఆశ ఆ రెండోదే.

అత్తగారు వచ్చి నెలైంది. మనిషి ఈనెపుల్లలా ఉన్నాడని ఆవిడకి పెళ్ళినాడే మనసు విరిగింది. ఆయన నీళ్ళ బకెట్టు పట్టుకుంటే చాలు, "ఇలా ఇవ్వండి, నడుం పట్టేస్తుంది" అని లాక్కునేది. అలా లాక్కున్నప్పుడల్లా ఆయన సిగ్గుతో చచ్చిపోయేవాడు.

బల్లకి ఆయన ఎంచుకున్నది తేలిక కాంక్రీటు దిమ్మెలు. చూడ్డానికి బండరాళ్ళలా ఉంటాయి గానీ లోపలంతా గాలి బుడగలే. చేతి రంపంతో చెక్కలా కోసుకోవచ్చు, జిగురు సిమెంటు రాసి అతికించుకోవచ్చు, పైన ఒక పలక పడేస్తే సరి. వాచీ స్క్రూలు తప్ప మరేదీ బిగించని చేతులకి ఇంతకంటే అనువైన సరుకు దొరకదు.

సందు ఇరుకు కాబట్టి లారీ దిమ్మెల్ని మలుపులోనే దింపి పోయింది. ఆయన చంకకొకటి ఇరికించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి నడిచాడు. మలుపులో సెలూన్ ఆయన అప్పుడే ఒకరి గడ్డానికి నురుగు రాస్తున్నాడు. ఇది చూసేసరికి బ్రష్షు గడ్డం దాటి ముక్కు మీదికి పోయింది. "ఒక్కో బండా నా అంత బరువుంటుంది. రెండు మోస్తూ, పైగా ఈల కూడానా?" అన్నాడు. కుర్చీలో ఉన్నాయన నోరు తెరిచి నురుగు మింగాడు.

ఆఖరి విడత తెచ్చేసరికి వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి. కిటికీ దగ్గర అత్తగారు నిలబడి ఉంది. "ఇంత బలం పెట్టుకుని బకెట్టు నా చేతికెందుకు ఇచ్చేవారండీ?" అంది.

నిజం చెప్పడానికి అదే సమయం. అది ఆయనకీ తెలుసు. ఇవి తేలికవండీ అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఈలోగా ఆవిడ కుర్చీ వేసి, అడక్కుండానే కాఫీ తెచ్చిచ్చింది. మాట కాఫీతో పాటు లోపలికి దిగిపోయింది.

రంపం తీశాక వ్యవహారం మరీ ముదిరింది. సెలూన్ ఆయన ప్రహరీ మీదుగా చూసి, బండరాయిని చేతి రంపంతో కోస్తున్నాడన్న కబురు వీధి కొసదాకా చేరవేశాడు. మధ్యాహ్నానికల్లా ఒక కథ తయారైంది. కుర్రతనంలో ఆయన కుస్తీలు పట్టేవాడట. ఎవరిదో నడుం విరగ్గొట్టి, ఆ పశ్చాత్తాపంతోనే గడియారాల్లోకి దిగాడట. వినడానికి ఆయనకే బాగుంది, అందుకని ఖండించలేదు.

సరిగ్గా ఆ వేళకే పైవాటాలో సంగీతం టీచరు ఇల్లు ఖాళీ చేస్తోంది. ఆవిడ ఇనప బీరువా దింపడానికి కూలీలు వస్తే, అత్తగారు మెట్ల దగ్గరే ఆపింది. అల్లుడు ఇంట్లో ఉండగా బయటివాళ్ళెందుకని వాళ్ళని పంపించేసి, గర్వంగా వచ్చి ఆ సంగతి ఆయనకి చెప్పింది. చూడ్డానికి గేటు బయట వీధంతా పోగైంది.

ఆయన రంపం పక్కన పెట్టాడు. ఇక దాచి లాభం లేదు. అందరి ముందూ చేతులు జోడించి, దిమ్మెల్లో ఉన్నది గాలేననీ, గోడగడియారం దింపినా తనకి చేతులు వణుకుతాయనీ చెప్పేశాడు.

"ఎంత అణకువో చూశారా" అన్నాడు సెలూన్ ఆయన. టీచరు అవునని తలూపింది.

ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. "అత్తయ్యగారూ, మీరే ఒకటి ఎత్తి చూడండి. అప్పుడైనా నమ్ముతారు" అన్నాడు.

ఆవిడ మోకాళ్ళ సంగతి గుర్తుచేసి ముందు ఒప్పుకోలేదు. బతిమాలగా బతిమాలగా, రెండు చేతులా దిమ్మెను పట్టుకుని, పళ్ళు బిగించి, ఒంట్లో సత్తువంతా కూడగట్టి లాగింది. దిమ్మె ఒక్క ఊపున తల మీదికి లేచింది.

సెలూన్ ఆయన గౌరవంగా వెనక్కి తగ్గాడు. "అదీ సంగతి. ఆవిడే ఇలాంటిదైతే, అల్లుణ్ణి ఆషామాషీగా తెచ్చుకుంటుందా?"

దిమ్మె ఇంకా పైనే ఉంది. అత్తగారు దాని వంక చూసింది, అల్లుడి వంక చూసింది. గుట్టంతా అర్థమైంది. ఆ తర్వాత వీధి వంక చూసింది. అందరూ నోళ్ళు తెరుచుకుని తననే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి అలా చూసినవాళ్ళు లేరు. అల్లుడు పరువు గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూశాడు.

ఆవిడ చిన్న మూలుగు మూలిగి, దిమ్మెను బరువుగా కిందికి దించింది. "వయసులో ఉండగా ఇంతకి రెండింతలు ఎత్తేదాన్ని" అంది.

అలా అయితే ఇద్దరూ కలిసి బీరువా దింపేయమంది టీచరు. అత్తగారు తడుముకోలేదు.

"మేమిద్దరం బలం పెడితే మీ మెట్లు ఆగుతాయా అమ్మా? విరిగితే ఇంటి యజమానికి జవాబు ఎవరు చెబుతారు?"

టీచరు మెట్ల వంక చూసి, హడలిపోయి, కూలీల వెనకాల మనిషిని పరిగెత్తించింది.

మర్నాడు సాయంత్రం జిగురు ఆరాక అత్తా అల్లుళ్ళు బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు ఇద్దరికీ నమస్కారాలు పెడుతున్నారు. క్షమాపణ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆయన తంటాలు పడుతుంటే, ఆవిడే దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ఇంకో లోడు ఎప్పుడు తెప్పిస్తారని అడిగింది. ఈసారి మలుపు నుంచి తనే మోస్తుందట.