ఒక్కడు పట్టే పడవ

ఒక మనిషి ఊరికే పడవలో కూర్చోవాలనుకుంటే లోకానికి ఎందుకింత కడుపుమంటో హజరత్తయ్యకు అర్థం కాలేదు. ఆ పొద్దు ఎండలో కృష్ణపట్నం రేవు దాకా నడిచి, కనబడిన ప్రతి పడవ దగ్గరా బేరమాడాడు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"వలేసేదానికా?"

"కాదు."

"ఉప్పు తోలేదానికా?"

"కాదయ్యా. ఊరికే కూర్చునేదానికి."

ఆ మాట వినగానే వాళ్ళు ఆయన్ని కిందికీ పైకీ చూసేవారు. ఒకాయనైతే జాలిపడి, "ఇంటి ముందర అరుగు లేదా అన్నా?" అని అడిగాడు.

అరుగు! తాతల నాటి అరుగు, పదిమంది పడుకునే అరుగు ఉన్న మనిషిని పట్టుకుని ఆ మాటా? హజరత్తయ్య దారిపొడవునా దానికి జవాబులు చెప్పుకుంటూ ఇల్లు చేరాడు.

దీనికంతటికీ మూలం పోయిన నెల కాలువ తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారి బావమరిది. ములక్కాయంత సన్నటి పడవలో ఒక్కడే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నీళ్ళు నెడుతూ బకింగ్‌హాం కాలువలో ఒక పూటంతా అటూ ఇటూ తిరిగాడు. దాన్ని 'కయాక్' అంటారట. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు, బియ్యం నిండుకున్నాయని చెప్పేవాళ్ళసలే లేరు. గట్టున నిలబడి చూసిన హజరత్తయ్యకు, మోక్షమని పెద్దలు చెప్పేది దీన్నేనేమో అని అనుమానం వచ్చింది. వెల అడిగితే ఆ బావమరిది ఆయన గోచీపంచె వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వుకు బదులు చెప్పాలి. పాత ఎద్దులబండి అమ్మితే వచ్చిన నూట ఇరవై రూపాయలు దేవుడి పటం వెనక ఉన్నాయి. పటం వెనక ఉన్న డబ్బు దేవుడిదని హజరత్తయ్య నమ్మకం, తనదని ఆయన భార్య రాఘవమ్మ నమ్మకం. అందుకే ఆమెకు తెలియకుండా పడవ కొని, తెచ్చాక చెబుదామనుకున్నాడు.

సలహా అడగడానికి పోస్టుమాస్టరు పరంజ్యోతి దగ్గరికి పోయాడు. పరంజ్యోతి పుట్టి బుద్ధెరిగాక మోకాటి లోతు నీళ్ళలో దిగలేదు గానీ పడవల సంగతి ఆయనకు కొట్టిన పిండి. "కట్టుమరం కొనండి. మునిగేది ఉండదు, ఖర్చు తక్కువ" అన్నాడు. హజరత్తయ్య రేవులో నాలుగు దుంగలు కలిపి కట్టిన ఒక కట్టుమరం ఎక్కి చూశాడు. మునగలేదు, నిజమే. ఆయనే నడుం దాకా నీళ్ళలో ఉన్నాడు. ఆ మాత్రానికి పడవెందుకు, కాలువలో చతికిలబడితే చాలదా?

చివరికి రేవు పక్క పల్లెలో చిన్నపోలయ్య అనే పట్టపు జాలరి దగ్గర కనబడింది. తాటిమాను తొలిచిన దోనె. సన్నగా, పొడుగ్గా, ఒక్కడు మాత్రమే పట్టేలా ఉంది. హజరత్తయ్య మనసు అందులో కాళ్ళు చాపేసింది.

"ఎంతకిస్తావు చిన్నపోలయ్యా?"

చిన్నపోలయ్య గుడిసె వైపు దొంగచూపు చూశాడు. "అది నాగులమ్మను అడగాలయ్యా. నీళ్ళల్లో ఉన్నంతసేపే నాది. ఒడ్డుకొచ్చిందేదైనా మా ఆడదానిదే. చేపైనా, పడవైనా."

నాగులమ్మ గంపలో మట్టగిడస చేపలు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "మగోళ్ళతో బేరం మా పల్లెలో లేదన్నా. మీ ఇంటామెను పిలుచుకోని రా."

"డబ్బు నాది. కూర్చునేది నేను. ఆమెతో ఏం పని?"

"నువ్వేమో చెప్పిన ధరకు తలూపి పోతావు. రేపామె వచ్చి మా ఇంటి ముందర మన్ను పోస్తది. మాకెందుకు?"

భార్యకు తెలియకుండా పడవ కొనాలంటే భార్యనే తీసుకురావాలట! ఇదెక్కడి న్యాయం? హజరత్తయ్య ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, కోపంగా అన్నం కలుపుతూ కోపంగానే సంగతి చెప్పాడు.

రాఘవమ్మ గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "పడవా? పడవెందుకయ్యా నీకు?"

"ఊరికే. షికారుకు."

"ఎంతమంది పడతారు?"

"ఒక్కరు."

"ఆ ఒక్కరు నేనా?"

హజరత్తయ్య పులుసు పోసుకున్నాడు. ఈ ప్రశ్న వస్తుందని తెలిసే జవాబు తయారు చేసుకున్నాడు. "స్వామి అంతటివాడే ఏటేటా తెప్పెక్కి తిరగతా ఉండాడు గదా. మనిషి తిరిగితే తప్పా?"

"స్వామి పక్కన అమ్మవారు కూడా ఉంటది. నువ్వు చూసేది స్వామినొక్కణ్ణేనా?"

పులుసు ఎక్కువై అన్నం ఈదుతోంది. హజరత్తయ్య దాని సంగతి చూసుకున్నాడు.

"సరే, రేపే పోదాం పద. బేరం నేనే ఆడతా" అంది రాఘవమ్మ. అంత సులువుగా ఒప్పుకున్నందుకు భయపడాల్సింది. ఆయన సంతోషపడ్డాడు.

మర్నాడు ఇద్దరాడవాళ్ళూ ఆకువక్క మధ్యలో పెట్టుకుని చాప మీద కూర్చున్నారు. హజరత్తయ్య కూడా చాప కొసన కూర్చోబోయాడు.

"నువ్వట్టా పో అన్నా. మాటలు జరగతా ఉండాయి" అంది నాగులమ్మ.

పోయి ఇసుకలో చిన్నపోలయ్య పక్కన చతికిలబడ్డాడు. చాప దగ్గర ఒకసారి అరుపులు, ఒకసారి నవ్వులు. రాఘవమ్మ లేచి వచ్చేసినట్టే వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఏమంటా ఉండారు?" అని అడిగాడు హజరత్తయ్య.

"మనకు చెప్పరయ్యా" అన్నాడు చిన్నపోలయ్య. "నా పెండ్లప్పుడు గూడా ఇంతే."

ఎండ నడినెత్తికి వచ్చాక పిలుపు వచ్చింది. బేరం కుదిరిందట. హజరత్తయ్య పంచె ఎగగట్టి దోనె వైపు పరుగులాంటి నడక నడిచాడు.

"ఆగన్నా" అంది నాగులమ్మ. "పడవ మొదటిసారి ఎక్కేటప్పుడు ఆలుమగలు కలిసి ఎక్కాల. అది మా ఆచారం."

ఆచారమంటే హజరత్తయ్య కాదనలేడు. ఒక్కడు పట్టే పడవకు ఇద్దరు ఎక్కే ఆచారం పెట్టిన మహానుభావుడెవరో అనుకున్నాడు గానీ పైకి అనలేదు. గంగమ్మకు దణ్ణం పెట్టి, దోనెలో కూర్చుని, కాళ్ళు చాపుకున్నాడు. ఆహా! ఆ క్షణంలో ఇంజనీరుగారి బావమరిది ఎదురైతే ఎంత బాగుండేది!

రాఘవమ్మ ఒక కాలు ఒడ్డునే ఉంచి, రెండో కాలు దోనె అంచు మీద పెట్టింది. పెట్టి, కాస్త ఆనింది.

హజరత్తయ్య మునిగి లేచేసరికి దోనె బోర్లాపడి ఉంది. రాఘవమ్మ చీరె కుచ్చిళ్ళు కూడా తడవకుండా ఒడ్డున నిలబడి ఉంది.

"చూసినావా నాగులమ్మా, నేను చెప్పలా? ఇది నిలిచే సరుకు గాదు. ఆ పెద్దది విప్పు."

పెద్దదా! అప్పుడు చూశాడాయన. అవతల గుంజకు కట్టిన పాత పడవ. ఆరుగురు కూర్చోవచ్చు. దాని ముక్కుకు అప్పటికే పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి.

"నేను అడిగింది ఇది గాదే!" నోట్లో నీళ్ళు ఉమ్మి అరిచాడు హజరత్తయ్య.

"చిన్నదానికి నూరు చెప్పింది. ఇంకో ఇరవై పారేస్తే ఆరుగురు పట్టేది వస్తా ఉంటే ఒక్కడు పట్టేది కొంటారా యాడన్నా? తలకాయుండేవాళ్ళు చేసే పనేనా?"

లెక్క సరిగ్గానే ఉంది, అదే బాధ. చిన్నపోలయ్య చెయ్యి అందించి పైకి లాగుతుంటే హజరత్తయ్య గుసగుసగా అడిగాడు. "నిజం చెప్పు. ఆలుమగలు కలిసి ఎక్కేది మీ ఆచారమేనా?"

"ఆచారమేనయ్యా" అన్నాడు చిన్నపోలయ్య. "ఈ పొద్దు నుంచే."

తడిపంచెతో తెడ్డు పట్టుకుని హజరత్తయ్య వెనక కూర్చున్నాడు. ముందు రాఘవమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పడవ కాలువలో మెల్లగా ఊరివైపు సాగింది. ఊరు దగ్గర పడుతుండగా, అవతలి గట్టున గడ్డిమోపులు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చేతులూపారు.

"ఓ అన్నా! దాటించేదానికి ఎంత?"

హజరత్తయ్యకు ఆ రోజు కోపమంతా గొంతులోకి వచ్చింది. తెడ్డు ఎత్తి లేచి నిలబడ్డాడు. "ఇది బాడుగ పడవ గాదు! షికారు పడవ! ఊరికే కూర్చునే..."

"మనిషికి అర్ధణా!" అని రాఘవమ్మ గట్టుకు వినబడేలా కేకేసింది. "మోపుకు వేరే!" తరవాత వెనక్కి తిరిగి మామూలు గొంతుతో అంది. "నిలబడతావేందయ్యా, పడతావు. కూర్చోని, ఆ పక్కకు తిప్పు."

హజరత్తయ్య కూర్చున్నాడు. తిప్పాడు.