గున్నమ్మ కుడిచెయ్యి

ఒక పెద్ద అడవిలో, జబ్బు చేస్తే ఆదుకుంటుందని జంతువులన్నీ కలిసి ఒక ఆరోగ్య సంఘం పెట్టుకున్నాయి. ఎవరికి దొరికింది వాళ్లు సంఘానికి కట్టాలి. కోతి గున్నమ్మ ఏటా నేరేడుపళ్లు కట్టేది, అదీ పుచ్చులు లేకుండా ఏరి మరీ. సంఘం ప్రెసిడెంటు నక్క ఆ పళ్లు తింటూ, "మెంబరంటే గున్నమ్మే!" అని మెచ్చుకునేది.

ఇలా ఉండగా వేటగాడి బోనులో పడి గున్నమ్మ కుడిచెయ్యి పోయింది. ఉన్న చేత్తో కొమ్మ పట్టుకుంటే పండు కోసే చెయ్యి లేదు. పండు కోద్దామంటే కొమ్మ పట్టుకునే చెయ్యి లేదు. పళ్లకింద కూర్చుని పస్తులుండడం మొదలైంది.

ఆ అవస్థ చూడలేక గిజిగాడు పిట్ట తాటినారతో ఒక చెయ్యి అల్లి పెట్టాడు. ఉత్త చెయ్యి కాదు. లోపల పెంకుపురుగులు గానుగ తిప్పుతుంటాయి. భుజం ఒకసారి గోక్కుంటే వేళ్లు బిగుసుకుంటాయి, రెండుసార్లు గోక్కుంటే విచ్చుకుంటాయి.

"కొన్నాళ్లు వాడి చూడు, పిన్నీ," అన్నాడు గిజిగాడు. "సంఘం మంజూరు చేస్తే నీదే. లేదంటే పట్టుకుపోతాను. ఈ పురుగులు తేనె తప్ప ముట్టవు, వీటిని మేపడం నావల్ల కాదు."

ఆ పూట గున్నమ్మ కడుపునిండా తిన్నది. మర్నాడు కొత్తచెయ్యి వేసుకుని సంఘం ఆఫీసుకి బయల్దేరింది. ఆఫీసు నిట్టనిలువు బండరాయి మీద ఉంది. ఎగబాకి ఎగబాకి పైకి చేరేసరికి ఆయాసం వచ్చింది.

"రాయెక్కి వచ్చావంటే చెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నది నక్క. "నీకు సాయం దేనికమ్మా?"

"ఎక్కలేకపోయి ఉంటేనండీ?"

"దరఖాస్తు అందలేదని రాసేవాళ్లం," అన్నది గుమాస్తా తాబేలు, తలెత్తకుండా.

పక్కనే చుట్ట చుట్టుకుని పడుకున్న డాక్టరు కొండచిలువ ఒక కన్ను తెరిచింది.

"అసలు చెయ్యెందుకు? నాకు చేతుల్లేవు, కాళ్లూ లేవు. ఏం, బతకట్లేదూ? చంటిపిల్లవైతే పోనీ అనుకోవచ్చు. ఇంత వయసొచ్చి చెయ్యి కావాలని మారాం ఏమిటి! కావాలంటే కొయ్యచెయ్యి రాస్తాను. కదలదు, మెదలదు. చూడ్డానికి లక్షణంగా ఉంటుంది."

"చూసుకుంటే కడుపు నిండదు కదండీ, డాక్టరు గారూ."

"ఇంకో చిక్కుంది," అన్నది తాబేలు. "బిల్లు పంపింది గిజిగాడు. గిజిగాడు అల్లితే మా లెక్కలో అది గూడు. గూళ్లకి సంఘం సాయం లేదు."

గున్నమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో నక్క తాబేలు చెవిలో గొణిగింది. "పట్టు వదులుగా ఉంటే పనికిరాని సరుకని రాయి. గట్టిగా ఉంటే ఆయుధమని రాయి. ఎలా చూసినా కొట్టేద్దాం." చెవిలో గొణిగిందే కానీ, అడవంతా వినపడేలా గొణిగింది.

తరవాత తోక జాపి, "ఏదీ, నీ చెయ్యి పట్టెంతో చూపించు తల్లీ," అన్నది.

గున్నమ్మ ఆ తోకని కొత్తచేతిలోకి తీసుకుని భుజం ఒకసారి గోక్కుంది. పెంకుపురుగులు పొద్దున్నే తేనె తాగి ఉన్నాయేమో, నక్క కళ్లు బైర్లు కమ్మాయి.

"చాలు చాలు! వదులు!"

"వదిలించడం కూడా చేతిపనేనండీ," అన్నది గున్నమ్మ వినయంగా. "చెయ్యి అనవసరమని డాక్టరు గారే సెలవిచ్చారు. ఆయన్నే విప్పమనండి."

"నాకు చేతుల్లేవే!" అన్నది కొండచిలువ. "చుట్టుకుని నొక్కమంటే నొక్కుతాను."

"వద్దు బాబోయ్, నువ్వు నొక్కకు!" నక్క తాబేలు వైపు తిరిగింది. "మంజూరని రాయవయ్యా!"

తాబేలు నింపాదిగా కలం చెక్కుకుంది. "గూడు అని రాయమంటారా, చెయ్యి అనా?"

"చెయ్యి! చెయ్యి!"

"విలాసమా, అవసరమా?"

"అత్యవసరం!"

"పురుగుల మేత?"

"సంఘమే పెడుతుంది! తొందరగా కానీవయ్యా, తోక తెగేట్టుంది!"

"తొందరగా రాయడానికి నిబంధన లేదండీ," అంటూ తాబేలు ఒక్కో అక్షరమే దిద్దింది. కింద ముద్ర పడ్డాక, గున్నమ్మ భుజం రెండుసార్లు గోక్కుని, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి మరీ రాయి దిగింది.

నీతి: అర్జీ కదలాలంటే అధికారి కాళ్లు పట్టుకుని లాభం లేదు, తోక పట్టుకోవాలి.